తార్నాకలో కూలిన కొలువు

2020లో ఉగాది మార్చి 25న, బుధవారం నాడు వచ్చింది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ వైపు తిరిగే గల్లీల్లో ఒకదాంట్లో, పాత రెండంతస్తుల బంగ్లాలో ఒక వృద్ధాశ్రమం ఉండేది. దాని వరండాలో ఆ పొద్దున కూడా పంచాంగ శ్రవణం జరిగింది. చదివింది ఎప్పటిలాగే తెలుగు సారు. వినేవాళ్లే తగ్గిపోయారు. ఏటా ఆ రోజు క్యాంపస్ హాస్టళ్ల పిల్లలు వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్లు. ఈ ఏడైనా నౌకరీ పడుతుందా లేదా చెప్పమని సారును సతాయించేవాళ్లు. ఆ ఏడు గేటుకు తాళం పడింది. కుర్చీకీ కుర్చీకీ నడుమ రెండు గజాల ఎడం. శార్వరి నామ సంవత్సర ఆదాయవ్యయాలు సారు చదువుతుంటే వెనక కూర్చున్నవాళ్లకు సగం మాటలు చేరలేదు. చెవి మందమైనవాళ్లకు మిగతా సగమూ చేరలేదు.

ఆ ఆశ్రమం ఇప్పుడు లేదు. దాని పేరు గానీ అక్కడ బతికినవాళ్ల పేర్లు గానీ రాయను. వాళ్ల పిల్లలు ఉన్నారు, ఆ పిల్లల్లో చాలామంది మంచివాళ్లు, వాళ్ల గాయాలు ఇంకా మానలేదు. అక్కడివాళ్లు ఒకరినొకరు ఎలా పిలుచుకున్నారో అలాగే చెబుతాను.

నడిపింది సిస్టరమ్మ. సర్కారు దవాఖానాలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. తనకొచ్చిన డబ్బుతో ఆ బంగ్లా కిరాయికి తీసుకుని, ఇరవై మందికి లోపే పెట్టుకుని నడిపింది. అంతకు మించితే పేర్లు పోయి మంచం నంబర్లు మిగులుతాయని ఆమె భయం. తెలుగు సారు నల్లగొండ జిల్లాలో పండితుడిగా పనిచేసి వచ్చినాయన. గార్డు సాబ్ గూడ్సు బళ్ల మీద ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని ముప్పై ఏళ్లకు పైగా తిరిగినవాడు. మిషన్ పెద్దమ్మ లాలాపేటలో జాకెట్లు కుట్టి ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసింది. వరంగల్ అమ్మ కొడుకు అమెరికాలో రెడ్‌మండ్‌లో ఉంటాడు. ఆమెకు అప్పటికే మతిమరుపు మొదలైంది. మిగిలినవాళ్ల గురించి చెప్పడానికి చోటు చాలదు.

ఆ ఇంటికి క్యాంపస్‌తో చుట్టరికం ఎలా కుదిరిందో చెప్పాలి. తార్నాక, హబ్సిగూడ, అడిక్‌మెట్, విద్యానగర్ ముసలివాళ్లకు ఉస్మానియా యూనివర్సిటీ అంటే పొద్దుటి నడక. 1934లో పునాది రాయి పడి, 1939 డిసెంబర్ 4న ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ ముందు గులాబీ రంగు రాయి మీద తొలి ఎండ పడేవేళకు వందల మంది అక్కడ తిరుగుతుంటారు. కర్రలతో, మంకీ క్యాపులతో, ఒకరి బీపీ మాత్రల గురించి ఒకరు అడుగుతూ. మన సారూ ఆ నడకకే వెళ్లేవాడు. ఒకరోజు చెట్టు కింద డీఎస్సీకి చదువుకుంటున్న పిల్లవాడు ఏదో సంధి దగ్గర ఆగిపోయి, పక్కనే కూర్చున్న ముసలాయనను అడిగాడు. మర్నాడు ఇద్దరొచ్చారు. నెల తిరిగేసరికి సారు చుట్టూ ఓ జట్టు. ఎండ ముదిరితే వాళ్లు ఆశ్రమం వరండాకే వచ్చేవాళ్లు. సాయంత్రం నాలుగింటికి సారు కుర్చీ వేసుకుని కూర్చుంటే ఆ వరండా ఓ కొలువు.

ఆ పిల్లలు జాలితో రాలేదు, సేవా కార్యక్రమం పేరుతోనూ రాలేదు. వాళ్లకు పనుండి వచ్చారు. వ్యాకరణం సారు దగ్గర. లెక్కలు గార్డు సాబ్ దగ్గర: రైలు పొడవెంత, వంతెన పొడవెంత, దాటడానికి ఎన్ని సెకన్లు అన్న లెక్క పరీక్షలో వస్తే, అది జీవితమంతా చేసినవాడి నోట వినడం వేరు. తెగిన జిప్పు, ఊడిన గుండీ మిషన్ పెద్దమ్మ దగ్గర. పైసలిస్తే తిట్టేది. బదులుగా పిల్లలు వాళ్ల పనులు చేసేవాళ్లు. నవంబర్ వస్తే పింఛనుదార్లు బతికున్నట్టు రుజువు ఇవ్వాలి కదా, ఒక్కొక్కరినీ ఆటోలో బ్యాంకుకు తీసుకెళ్లి వేలిముద్ర వేయించి తెచ్చేవాళ్లు. ఫోను రీచార్జి చేసేవాళ్లు, కళ్లజోడు బాగుచేయించేవాళ్లు.

వృద్ధాశ్రమాల్లో ముసలివాళ్లకు కాలక్షేపం కల్పించడం గురించి చాలామంది చాలా చెబుతారు. భజన పెట్టించడం, క్యారమ్స్ బల్ల కొనివ్వడం, పుట్టినరోజుకు కేకు కోయించడం. అవన్నీ మంచివే. కానీ ఆ వరండాలో నేను చూసిన ప్రాణం వేరే చోట ఉంది. వాళ్ల అవసరం ఎవరికో ఉంది. సాయంత్రం నాలుగైతే తమకోసం ఎవరో గేటు తీసుకుని వస్తారు, రాకపోతే తిట్టవచ్చు. ఆ ఇంటి పతనం మొదలైంది వైరస్ లోపలికొచ్చిన రోజున కాదని ఇప్పటికీ నా నమ్మకం. పిల్లలు వెళ్లిపోయిన రోజునే మొదలైంది.

తెలంగాణలో తొలి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడింది. ఆ వారంలోనే రెడ్‌మండ్ నుంచి వరంగల్ అమ్మ కొడుకు సిస్టరమ్మకు ఫోను చేశాడు. అతని ఇంటికి దగ్గర్లో కిర్క్‌లాండ్ ఊళ్లో ఒక నర్సింగ్ హోం ఉంది. అమెరికాలో ముసలివాళ్లు వరసగా ఈ జబ్బుకు బలైన తొలి హోం అదే. కూతుళ్లూ కొడుకులూ బయట గడ్డిలో నిలబడి, కిటికీ అద్దానికి చెయ్యి ఆనించి, ఫోనులో మాట్లాడుకుంటున్న ఫోటోలు పేపర్లలో వస్తున్నాయి. "మేడం, గేటు మూసెయ్యండి, ఎవర్నీ రానియ్యకండి" అన్నాడతను. సిస్టరమ్మకు అంటురోగాల సంగతి తెలుసు. మూసింది. మూయడం సరైన పనే. స్పెయిన్‌లో కొన్ని ఆశ్రమాలను శుభ్రం చేయడానికి వెళ్లిన సైనికులకు, పనివాళ్లు వదిలేసి పోయిన ముసలివాళ్లు, మంచాల్లోనే చనిపోయినవాళ్లు కనిపించారని ఆ దేశ రక్షణ మంత్రి చెప్పింది ఆ మార్చిలోనే. సిస్టరమ్మ వదిలేసి పోలేదు. తన మంచం తెచ్చి కింద హాల్లో వేసుకుంది.

మార్చి మధ్యలో విద్యాసంస్థలన్నీ మూసేశారు. హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. పిల్లలు రెండు జతల బట్టలు, పుస్తకాల సంచీ వేసుకుని నల్లగొండకు, ఖమ్మానికి, అచ్చంపేటకు, ఆదిలాబాద్‌కు బస్సులెక్కారు. కొందరు గేటు బయట నిలబడి చెప్పి వెళ్లారు. "రెండు వారాలే సార్, ఏప్రిల్‌ల వస్తం" అన్నారు. మిషన్ పెద్దమ్మ ఒకడి చొక్కా చెయ్యి కుట్టడం సగంలో ఉంది. అది ఆమె దగ్గరే ఉండిపోయింది.

తర్వాత ఒక్కొక్కటీ ఆగింది. అదే మార్చిలో బస్సులూ మెట్రో ఆగిపోయాయి. ఆర్ట్స్ కాలేజీ స్టేషన్ మీదుగా పోయే ఎంఎంటీఎస్ రైళ్లు ఆగాయి, మళ్లీ కదిలింది 2021 జూన్‌లో. ఆ రైళ్ల మోతను బట్టి గడియారం సరిచేసుకునే గార్డు సాబ్‌కు అది పెద్ద దెబ్బ. రాత్రిళ్లు లేచి కూర్చునేవాడు. వైరస్ అంటుకొస్తుందేమోనన్న భయంతో పేపర్ కూడా మానిపించారు. పేపర్ పోవడం చిన్న సంగతి కాదు. ఆ ఇంట్లో పొద్దున తొమ్మిది దాకా జరిగే తగువులన్నీ పేపర్ మీదే. అదీ పోయాక మగవాళ్ల మధ్య మాట పుట్టడానికి సందు లేకపోయింది. క్యాంపస్ గేట్లు నడకవాళ్లకు మూసేశారు. అరవై అయిదు దాటినవాళ్లు ఇళ్లు కదలొద్దని కేంద్రం మార్గదర్శకాల్లోనే రాసి పెట్టారు.

ఒక్క నెల మాత్రం ఇల్లు నిలదొక్కుకుంది. మార్చి 28 నుంచి దూరదర్శన్‌లో పాత రామాయణం మళ్లీ వేశారు, పొద్దున తొమ్మిదికీ రాత్రి తొమ్మిదికీ. హిందీ రానివాళ్ల కోసం సారు టీవీ పక్కన నిలబడి తెలుగులో చెప్పేవాడు. ఎక్కడ వాల్మీకం, ఎక్కడ కాదో కూడా చెప్పేవాడు. మిషన్ పెద్దమ్మకైతే అది ఆమె జీవితంలోనే గొప్ప కాలం. మాస్కులు దొరకడం లేదు. ఆమె పాత చీరలు, పంచెలు చింపి రోజంతా కుట్టింది. చౌరస్తాలో బందోబస్తుకు నిలబడే కానిస్టేబుల్ ఒకతను గేటు మీంచి తీసుకుపోయేవాడు. "ఇంకో ఇరవై కావాలె పెద్దమ్మా" అంటే ఆమె మొహం వెలిగిపోయేది. మోకాళ్ల నొప్పులు మరిచిపోయింది, రాత్రి నిద్రపోయింది. జూన్‌కల్లా బజార్లో మాస్కులు గుట్టలుగా దొరికాయి. ఎవరూ అడగలేదు. మిషన్ మీద దుప్పటి కప్పి పక్కకు జరిపారు. రెండు నెలల్లో ఆమె సగమైంది. మందూ అదే, తిండీ అదే, మనిషి మాత్రం అడుగంటిపోయింది.

ఫోనుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కరోనా కాలంలో ముసలివాళ్లను మనుషులకు దగ్గరగా ఉంచడమంటే వీడియో కాల్ అని అందరూ అనుకున్నారు. సిస్టరమ్మ ఒక పట్టిక రాసి గోడకు అంటించింది: ఎవరి పిల్లలు ఏ దేశంలో ఉన్నారు, అక్కడ రాత్రయితే ఇక్కడ ఎంత, ఏ రోజు ఎవరి వంతు. ఆమె దగ్గర మంచి ఫోను ఒకటే. శుక్లాలు వచ్చిన కంటికి అరచేతంత తెరలో మనవడి మొహం మసక. చెవి మిషన్‌లో ఫోను గొంతు కీచు. మాస్కు పెట్టుకుని మాట్లాడితే పెదాల కదలిక చూసి అర్థం చేసుకునేవాళ్లకు ఆ ఆసరా కూడా పోయింది. అందుకామె పలక, బలపం తెప్పించింది. పెద్ద అక్షరాల్లో రాసి చూపించేది. చదువు రానివాళ్లకు అదీ లేదు. వాళ్ల చెయ్యి పట్టుకుని చెప్పాలి. చెయ్యి పట్టుకోవద్దన్నారు.

వరంగల్ అమ్మకు వీడియో కాల్ పెడితే ఆమె తెర మీద కొడుకును చూసి ఫోను వెనక్కి తిప్పి చూసేది. అక్కడ ఎవరూ లేకపోతే ఏడ్చేది. అవతల అతనూ ఏడ్చేవాడు. మూడు ఆదివారాలు చూసి సిస్టరమ్మ అది ఆపించింది. "నువ్వు కనపడకు నాయనా, మాట పంపు" అంది. అతను చిన్నప్పటి ముద్దుపేరు చెప్పుకుని, "అమ్మా, ఆకలైతుంది, నువ్వు తిన్నవా" అని మొదలుపెట్టి నాలుగైదు నిమిషాల మాట రికార్డు చేసి పంపాడు. అన్నం వేళకు అది పక్కన పెడితే ఆమె వింటూ ముద్ద మింగేది. కొడుకు పక్క గదిలో ఉన్నాడనుకునేదేమో. బరువు పడిపోకుండా ఏడాది పాటు ఆమెను నిలబెట్టింది ఆ గొంతే. మతిమరుపు జబ్బున్నవాళ్లకు తెర కన్నా తెలిసిన గొంతు మేలని సిస్టరమ్మకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆమె చూసి తెలుసుకుంది. ఇలాంటి చిన్న ఎరుకలు ఆ ఏడాది మన ఊళ్ల ఆశ్రమాల్లో ఎన్ని పుట్టి ఉంటాయో. ఎవరైనా రాసిపెట్టి ఉంటే బాగుండేది.

సారు కొలువు ఫోనులోకి మారింది. అచ్చంపేట దగ్గరి ఊళ్లో ఉన్న పిల్లవాడు సిగ్నల్ కోసం పొద్దున్నే నీళ్ల ట్యాంకు ఎక్కి ఏడింటికి కాల్ చేసేవాడు. మరో ముగ్గురిని కలిపేవాడు. సారు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోను స్పీకరు పెట్టి కూర్చునేవాడు. ఎవరికీ కనపడని పాఠానికి ఇస్త్రీ చొక్కా ఎందుకని ఎవరూ అడగలేదు. ఛందస్సు, అలంకారాలు, సమాసాలు అలా నడిచాయి. గార్డు సాబ్ కూడా పక్కన కూర్చుని వినేవాడు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కూలీలతో దేశంలోనే తొలి శ్రామిక్ రైలు బయలుదేరిందన్న కబురు గార్డు సాబ్‌కు చెప్పింది ఆ పిల్లలే. ఆయన ఆ రోజంతా ఆ బండి ఏ దారిన పోయి ఉంటుందో స్టేషన్ల పేర్లతో సహా చెబుతూ గడిపాడు.

ఎండాకాలం ముదిరాక ఆ పిల్లవాడు ఉపాధి హామీ పనికి పోయాడు. డిగ్రీలు, పీజీలు చేసినవాళ్లు ఎందరో ఆ ఏడు పలుగు పట్టారు. ఏడింటి కాల్ రాత్రికి మారింది. రాత్రికి అతనికి నిద్ర, సారుకు ఆయాసం. వారానికి రెండు సార్లయింది, తర్వాత పదిహేను రోజులకోసారి. నోటిఫికేషన్ల జాడ లేకపోయేసరికి వ్యాకరణం ఎవరికి కావాలి? తెలంగాణలో తొలి గ్రూప్-1 ప్రకటన రావడానికి 2022 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. పిల్లలు సారును మరిచిపోయారని నేను అనను. బతుకు వాళ్లను వేరే చోట పట్టుకుంది. సారు మాత్రం ఏడింటికి చొక్కా వేసుకోవడం మానలేదు.

మాణికేశ్వరీ నగర్ నుంచి వచ్చే ఆయాలు ఇద్దరు. లాక్‌డౌన్ మొదట్లో సిస్టరమ్మ వాళ్లను అడిగింది: లోపలే ఉండిపోతారా, రావడం మానేస్తారా? ఒకామె తన పిల్లల్ని అత్త దగ్గర వదిలి రెండు నెలలకు పైగా లోపలే ఉంది. అందరికీ స్నానం చేయించే చేతులు, తల దువ్వే చేతులు ఆమెవే. ఆ ఇంట్లో మనిషి స్పర్శ అంటే ఆమె ఒక్కతే. జూన్‌లో ఇంటికి వెళ్లింది. జూలైలో ఆమెకు పాజిటివ్ వచ్చింది, తగ్గింది కూడా. తర్వాత ఆమె ఇంటి ఓనరు, ముసలోళ్ల హోంకు పోతే గది ఖాళీ చెయ్యమన్నాడు. ఆమె మానేసింది. కొత్తగా వచ్చినావిడకు ఎవరు ఎటు తిరిగి పడుకుంటారో, ఎవరికి టీలో చక్కెర వేయకూడదో తెలియదు. అవి పట్టికలో రాసేవి కావు.

ఆ ఏడాది ఆగస్టులో హబ్సిగూడలోని సీసీఎంబీ, తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరపు మురుగునీటిలో వైరస్ ఆనవాళ్లు పరీక్షించి, హైదరాబాద్‌లో లక్షల మందికి తెలియకుండానే సోకిందని లెక్క కట్టారు. గొప్ప పని. ఆ రెండు సంస్థలకు నడిచిపోయేంత దూరంలో, వైరస్ ఇంకా అడుగు పెట్టని ఈ ఇంట్లో ముసలివాళ్లు చనిపోవడం మొదలైంది. ఒకాయన రాత్రి లేచి, కాళ్లలో సత్తువ లేక పడి తుంటి విరిగి, మంచాన పడి, పుండ్లు పడి పోయాడు. నాలుగు నెలలు గదిలో కూర్చోబెట్టిన శరీరం అది. ముసలి ఒంట్లో కండ ఎంత త్వరగా కరిగిపోతుందో, మళ్లీ రావడం ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఇంకొకావిడ ఏ జబ్బూ లేకుండానే మాట మానేసింది, తర్వాత తిండి మానేసింది, దీపావళి ముందు పోయింది. మరణ పత్రంలో కారణం గుండె అని రాశారు. కరోనా లెక్కలో వీళ్లు లేరు. నా లెక్కలో ఉన్నారు.

సరిగ్గా అదే సంవత్సరం మే నెలలో నెదర్లాండ్స్‌లో ఒక పని చేశారు. 26 నర్సింగ్ హోంలు ఎంచుకుని, ఒక్కో ముసలి మనిషికి ఒక్కరే, ఎప్పుడూ అదే మనిషి, మాస్కుతో, నియమాలతో వచ్చి చూసిపోవచ్చన్నారు. ఆ తర్వాతి వారాల్లో ఆ రాకపోకల వల్ల జబ్బు పాకిన దాఖలా కనపడలేదు. కొద్ది వారాల్లోనే ఆ పద్ధతిని దేశమంతా విస్తరించారు. బ్రెజిల్‌లో ప్లాస్టిక్ తెరకు చేతులు కుట్టి, దాని మీంచి కావలించుకోనిచ్చారు. సావ్ పావ్లోలో 85 ఏళ్ల ముసలమ్మను ఐదు నెలల తర్వాత ఒక నర్సు అలా హత్తుకుంటున్న ఫోటో మరుసటి ఏడు ప్రపంచ ఉత్తమ పత్రికా చిత్రమైంది. అది చూసి మనమూ కళ్లు తుడుచుకున్నాం. మనకు 2007 నాటి చట్టం ఉంది, తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి తగ్గకుండా చోటుండేలా ఆశ్రమాలు పెట్టవచ్చని అందులో ఉంది. గోడలు, పడకలు, మందులు, వినోదం గురించి ఉంది. ఆశ్రమంలో ఉన్న మనిషిని చూడటానికి తనవాళ్లొకరు వచ్చే హక్కు గురించి లేదు. ఆ ఒక్క మనిషిని రానిచ్చి ఉంటే, సారుకు ఆ అచ్చంపేట పిల్లవాడు, మిషన్ పెద్దమ్మకు ఓ కూతురు, వరుస ప్రకారం వచ్చి ఉంటే ఆ ఏడాది ఇంకోలా గడిచేది. ఇది తర్వాత పుట్టిన తెలివి కాదు. ఆ రోజుల్లోనే, అవతలి దేశంలో చేసి చూపించిన సంగతి.

2021 మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్లకు టీకాలు మొదలయ్యాయి. ఒక ఫోను నంబరు మీద నలుగురికే నమోదు. సిస్టరమ్మ తన నంబరు, వంటమనిషి నంబరు, ఎదురింటివాళ్ల నంబరు అడుక్కుని ఓటీపీల వెంట పడింది. కదలగలిగినవాళ్లకు మొదటి డోసు పడింది. మంచాన ఉన్నవాళ్లను ఎలా తీసుకుపోవాలి? వృద్ధాశ్రమాల్లోనే టీకా కేంద్రం పెట్టవచ్చని కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది మే 27న. అప్పటికి ఆ ఇంట్లో జరగాల్సింది జరిగిపోయింది.

ప్లవ నామ ఉగాది ఏప్రిల్ 13న వచ్చింది. సారు మళ్లీ పంచాంగం చదివాడు, ఈసారి పదిమంది కూడా లేరు. ఏప్రిల్ ఆఖరు వారంలో ఒక పొద్దున ఏడింటికి, ఎన్నాళ్లకో ఇద్దరు పిల్లలు కాల్‌లోకి వచ్చారు. సారు బహువ్రీహి చెబుతూ మధ్యలో ఆగాడు. మాట దొరకడం లేదన్నట్టు చెయ్యి గాల్లో తిప్పాడు. జ్వరం లేదు, దగ్గు లేదు. ముసలివాళ్లలో ఈ జబ్బు చాలాసార్లు అలాగే వస్తుంది: తికమక, మగత, అన్నం వద్దనడం. సిస్టరమ్మ వేలికి ఆక్సీమీటరు పెట్టి చూసింది. 84.

ఆ పదిహేను రోజుల గురించి ఎక్కువ రాయలేను. హైదరాబాద్ అంతా ఆక్సిజన్ కోసం పరుగులు పెడుతున్న రోజులు. మే 12 నుంచి రాష్ట్రంలో మళ్లీ లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది దాకా మాత్రమే సడలింపు. నల్లగొండ నుంచి ఒక పాత శిష్యుడు ఆ నాలుగు గంటల్లో సిలిండరు తీసుకుని బండి మీద వచ్చాడు. గేటు బయట పెట్టి, లోపలికి రానియ్యమని బతిమాలాడు. సిస్టరమ్మకే పాజిటివ్ వచ్చి మేడ మీద గదిలో ఉంది. కిటికీలోంచి వద్దని చెయ్యి ఊపింది. ఆ పిల్లవాడు గేటు ఊచలు పట్టుకుని, "సారూ, నేనొచ్చిన" అని గట్టిగా మూడుసార్లు పిలిచి వెళ్లిపోయాడు. సారు విన్నాడో లేదో తెలియదు. రెండు రోజుల తర్వాత పడక దొరికింది, మూడోనాడు పోయాడు. మునిసిపాలిటీవాళ్లే దహనం చేశారు. మే నెలలో ఆ ఇంట్లో నలుగురు పోయారు. వరంగల్ అమ్మ ఒకతె. ఆఖరి రోజుల్లో ఆమె పక్కన ఫోను పెట్టి కొడుకు గొంతు వినిపించే చెయ్యి ఇంట్లో లేకపోయింది.

మిగిలినవాళ్లను ఒక్కొక్కరినీ ఇంటివాళ్లు వచ్చి తీసుకుపోయారు. కిరాయి బాకీ పడింది. బంగ్లా ఓనరు తొందరపెట్టకపోయినా, అపార్టుమెంటు కట్టేవాళ్లు ఆయనను తొందరపెట్టారు. ఆ అక్టోబర్‌లో, దసరాకు ముందు, సిస్టరమ్మ సామాను కట్టింది. మంచాలు, వీల్ చైర్లు, పలకలు, గోడ మీది వీడియో కాల్ పట్టిక. అక్టోబర్ 1న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు వయోవృద్ధుల కోసం 14567 హెల్ప్‌లైన్‌ను దేశమంతటికీ ప్రారంభించినట్టు పేపర్లో వచ్చింది. ఆ సేవ మొదట పుట్టింది హైదరాబాద్‌లోనే, టాటా ట్రస్టులు, విజయవాహిని సంస్థ కలిసి పెట్టింది. ఫోను చేస్తే వినే గొంతు ఉండటం మంచిదే. ఆ కటింగ్‌ను ఆమె పర్సులో పెట్టుకుంది.

యూనివర్సిటీ మళ్లీ తెరుచుకుంది. ఆర్ట్స్ కాలేజీ ముందు నడకవాళ్లు తిరుగుతున్నారు, చెట్ల కింద పిల్లలు చదువుకుంటున్నారు. తార్నాక గల్లీలో ఆ బంగ్లా చోట ఐదంతస్తులు లేచాయి. వృద్ధాశ్రమాలు ఇప్పుడు నగరం అంచులకు జరిగిపోయాయి. చోటు చవక, గాలి మంచిదంటారు. హాస్టల్ పిల్లవాడు తెగిన జిప్పు పట్టుకుని నడిచి వెళ్లేంత దగ్గర్లో లేవు. నాకు దుఃఖం కలిగేది అక్కడే. ఆశ్రమం కాలేజీ పక్కన, బడి పక్కన, బజారు పక్కన ఉండాలని ప్లాన్లు గీసేవాళ్లకు ఎవరైనా చెప్పాలి.

మిషన్ పెద్దమ్మ ఘట్‌కేసర్ దగ్గర ఒక కూతురింట్లో ఉంది. గార్డు సాబ్ కాజీపేటలో కొడుకు దగ్గర. రిటైరైన రైల్వే మనిషి కనుక ఆయనకు పాసు ఉంది, రెండు సార్లు వచ్చి ఆమెను చూసిపోయాడు కూడా. ఆమె ఒకసారి కాజీపేట పోదామనుకుంటే మనవడు పూర్తి టికెట్టు కొనాల్సి వచ్చింది. ఆడవాళ్లకు యాభై ఎనిమిది దాటితే సగం, మగవాళ్లకు అరవై దాటితే నలభై శాతం ఉండే రైలు రాయితీ 2020 మార్చి 20న కరోనా పేరుతో ఆపేశారు. తర్వాత మళ్లీ ఇవ్వలేదు. ముసలివాళ్లు ప్రయాణాలు మానాలని ఆపిన రాయితీ అది. గార్డు సాబ్‌కు ఇది మింగుడు పడదు. రైలు మంత్రిత్వ శాఖకు పోస్టు కార్డులు రాస్తున్నాడు, ఇంగ్లీషులో, నల్ల సిరాతో, తన పాత స్టాఫ్ నంబరు కింద వేసి. మొన్న ఫోను చేస్తే, "జవాబు రాలే. ఇయ్యాల ఇంకోటి ఏసిన. ఈసారి బండి నంబరు, పెద్దమ్మ వయసు రాసిన. అడ్రసు సరిగ్గ ఉన్నదో లేదో జర చూసి చెప్పు బిడ్డా" అని ఢిల్లీ చిరునామా నాకు చదివి వినిపించాడు, పిన్ కోడ్‌తో సహా, రెండు సార్లు.